ఒకే వీధిలో రెండు చావులు: ఒక ఇంటికి జనం వెళ్తున్నారు, ఇంకో ఇంటికి వెళ్లడం లేదు. ఎందుకు?

చెల్లీ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. చీపురుపల్లి దగ్గర మీ ఊళ్లో అక్టోబరులో పది రోజుల తేడాతో రెండు చావులు జరిగాయి. ఒకరు రిటైరైన హెడ్మాస్టరు గారు, 76 ఏళ్లు, గుండెపోటు. ఇంకొకరు మీరు వరసకి పిన్ని అని పిలిచే ఆవిడ ఒక్కగానొక్క కొడుకు, 21 ఏళ్లవాడు, రాత్రిపూట బండి మీద వస్తూ ఆగి ఉన్న లారీని గుద్దేశాడు. తాగి ఉన్నాడని ఊళ్లో అనుకున్నారు. మాస్టారి ఇంటికి ఇప్పటికీ ఎవరో ఒకరు వెళ్తున్నారు. పిన్ని ఇంటి గుమ్మం పెద్దకర్మ తర్వాత ఎవరూ తొక్కలేదు. మీరు కూడా వెళ్లలేకపోయారు. మీ అబ్బాయీ ఆ అబ్బాయీ ఇంటర్లో ఒకే క్లాసు. "మావాళ్లు ఇంత రాతిగుండె మనుషులా, నేనూ అంతేనా, ఇప్పుడెళ్తే ఏం మాట్లాడాలి" అని అడిగారు.

ముందు సూటిగా చెప్తాను. మీ ఊరివాళ్లవి రాతిగుండెలు కావు, మీదీ కాదు. చావు జరిగిన ఇంటికి వెళ్లాలంటే జాలి ఒక్కటే సరిపోదు, అక్కడికెళ్లి ఏం చెయ్యాలో కూడా తెలియాలి. అది తెలిసినన్నాళ్లు జనం వస్తారు. తెలియని రోజు నుంచి ఆగిపోతారు. దీనికి తోడు ఈ చావులో తప్పెవరిది అని ప్రతివాళ్లూ మనసులో ఒక లెక్క వేసుకుంటారు. పిన్ని విషయంలో ఈ రెండూ ఆవిడకి ఎదురు తిరిగాయి. మీరు ఈ వారంలోనే వెళ్లండి. ఎలా వెళ్లాలో కింద రాస్తాను, కానీ ముందు ఎందుకిలా జరిగిందో తెలిస్తే మీకు కాళ్లు కదులుతాయి.

నేను శ్రీకాకుళంలో ఉంటాను. 23 ఏళ్లుగా కౌన్సెలింగ్ పని చేస్తున్నాను. అందులో సగానికి పైగా ఉద్దానంలో, కిడ్నీ జబ్బుతో డయాలసిస్‌కి తిరిగే కుటుంబాల మధ్య, మిగతాది తీరం ఊళ్లలో, టౌనులో. నేను చూసినదాన్ని బట్టే చెప్తున్నాను.

మొదట ఆ తప్పు లెక్క సంగతి. మాస్టారి ఇంట్లో అడుగు పెట్టగానే అనడానికి మాటలు సిద్ధంగా ఉంటాయి. నిండు జీవితం చూశారు, ఎవరిచేతా చేయించుకోకుండా వెళ్లిపోయారు, ఎంతమందికి చదువు చెప్పారో. అవి అనడంలో ఎవరికీ ఇబ్బంది లేదు. పిన్ని ఇంట్లో ఏమంటారు? వీధిలో ఒక మాట, ఇంట్లో ఒక మాట. బెర్నార్డ్ వైనర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త దీని మీద చాలాకాలం పనిచేశాడు. కష్టం మనిషి చేతిలో లేనిదైతే చూసేవాళ్లకి జాలి పుడుతుంది, సాయం చేయబుద్ధి అవుతుంది. కష్టాన్ని కొనితెచ్చుకున్నాడు అనిపిస్తే కోపం పుడుతుంది, చెయ్యి వెనక్కి పోతుంది. తాగి చనిపోయినవాళ్లు, ఆత్మహత్యలు, హెచ్‌ఐవీ, ప్రేమ వ్యవహారాల్లో పోయిన పిల్లలు, ఈ ఇళ్లన్నిటికీ జనం త్వరగా దూరమవుతారు. నేను 23 ఏళ్లలో దీనికి మినహాయింపు చాలా తక్కువ చూశాను.

అక్కడితో ఆగితే కొంత నయం. చనిపోయినవాడి మీద వేసిన తప్పు బతికున్నవాళ్ల మీదికి జారుతుంది. "పెంపకం అలగుంది" అని ఒకరంటారు. "బండి కొనిచ్చింది ఎవరు మరి" అని ఇంకొకరంటారు. ఆ మాటలు అన్నవాళ్లు చెడ్డవాళ్లని నేననుకోను. వాళ్లకీ కొడుకులున్నారు, వాళ్ల కొడుకులూ రాత్రిపూట బండి మీదే వస్తారు. ఆ అబ్బాయి చేసిన తప్పు వల్ల పోయాడు అనుకుంటేనే, మావాడు ఆ తప్పు చెయ్యడు కాబట్టి మావాడికేం కాదు అని వాళ్లకి రాత్రి నిద్రపడుతుంది. భయం పోగొట్టుకోవడానికి వేసిన నింద అది. కానీ దాని బరువు మోస్తున్నది పిన్ని.

దీనికి పూర్తి వ్యతిరేకంగా జరిగింది కూడా చూశాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస వైపు తీరం దాటింది. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కొబ్బరి, జీడితోటలు పడుకున్నాయి. ఏళ్ల తరబడి పెంచిన చెట్టు పడిపోతే మా రైతులు మనిషి పోయినట్టే ఏడ్చారు. అప్పుడు ఎవరూ ఎవరినీ తప్పెవరిదని అడగలేదు. ఎవరింటికి ఎవరు ముందెళ్లాలన్న మాటే రాలేదు. కలిపి వండుకున్నారు, అడ్డంగా పడిన చెట్లు కలిసి కోసుకున్నారు. గాలిని నిందించి ఏం లాభం? నిందించడానికి ఎవరూ లేనప్పుడు ఇదే మనుషులు ఎంత దగ్గరవుతారో ఆ నెలలో చూశాను. అందుకే రాతిగుండె అన్న మాట నేను ఒప్పుకోను.

ఇప్పుడు పని సంగతి. నా దృష్టిలో అన్నిటికంటే పెద్దది ఇదే.

మన పద్ధతుల్లో చావు జరిగిన రోజు నుంచి పెద్దకర్మ వరకు ప్రతివాళ్లకీ ఒక పని ఉంటుంది. ఒకరు పాడె కడతారు, ఒకరు కబురు పంపుతారు, ఒకరు పక్కింట్లో వంట పెడతారు, ఆడపడుచులు తలంటుతారు, ఎవరు ఎక్కడ కూర్చోవాలో కూడా తెలుసు. ఏమీ మాట్లాడక్కర్లేదు. వెళ్లి కూర్చున్నా చాలు, లేచి వచ్చేటప్పుడు వెళ్లొస్తానని కూడా చెప్పక్కర్లేదు, చెప్పకూడదు కూడా. ఇంత వివరంగా మన పెద్దలు దారి వేసిపెట్టారు కాబట్టి ఆ పదకొండు రోజులూ ఇల్లు నిండుగా ఉంటుంది. పన్నెండో రోజున దారి అయిపోతుంది. ఆ తర్వాత ఎలా వెళ్లాలో మనకి ఎవరూ నేర్పలేదు. ఊరికే వెళ్తే ఏమనుకుంటారో, మళ్లీ గుర్తుచేసినట్టవుతుందేమో, మంగళవారం వద్దు, శుక్రవారం వద్దు, పౌర్ణమి దాటనీ. అలా నెల గడుస్తుంది.

1986లో డారిన్ లేమన్, జాన్ ఎల్లార్డ్, కమిల్ వోర్ట్‌మన్ అని ముగ్గురు పరిశోధకులు రోడ్డు ప్రమాదాల్లో భర్తనో భార్యనో బిడ్డనో పోగొట్టుకున్నవాళ్లని, ఏ సాయం పనికొచ్చింది, ఏది పనికిరాలేదు అని అడిగారు. అటువైపు మామూలు జనాన్ని, మీరైతే ఏం చేస్తారని అడిగారు. మామూలు జనం చెప్పిన జవాబులు చాలావరకు సరిగ్గానే ఉన్నాయి: పక్కన ఉంటాం, చెప్పుకోనిస్తాం. కానీ నిజంగా బాధలో ఉన్నవాళ్లకి ఎదురైంది మాత్రం సలహాలు, "త్వరగా తేరుకో" అన్న మాటలు. అంటే ఏది మంచిదో జనానికి తెలుసు. ఎదురుగా కూర్చున్నప్పుడు టెన్షన్‌లో నోటికొచ్చింది అనేస్తారు. అనేశాక బాధపడతారు. మళ్లీ ఆ టెన్షన్ పడటం ఇష్టంలేక రావడం మానేస్తారు. మన ఊళ్లలోనూ అచ్చంగా ఇదే.

ఒక సంగతి చెప్తాను. సంతబొమ్మాళి మండలంలో తీరం పక్క ఊరు. వేటకెళ్లిన పడవ తిరగబడి ముగ్గురు ఈదుకొచ్చారు, ఒక కుర్రాడు రాలేదు. శవం దొరకలేదు. తల్లి కర్మ చెయ్యనివ్వలేదు. "నా బిడ్డ ఏ ఒడ్డునో ఉంటాడు, మీరెవలు కర్మ సెయ్యడానికి" అంది. ఊరివాళ్లకి కాళ్లూ చేతులూ ఆడలేదు. కర్మ అవ్వలేదు కాబట్టి పలకరింపుకి వెళ్లాలా వద్దా? పోయాడని ఏడవాలా, వస్తాడని ధైర్యం చెప్పాలా? ఆవిడంటే ఊరంతటికీ ప్రాణం, అయినా రెండు వారాల్లో ఆ ఇల్లు ఖాళీ అయిపోయింది.

పక్కింట్లో ఒక ముసలావిడ ఉండేది. ఒకరోజు నేను అక్కడే అరుగు మీద ఉన్నాను. ఆవిడ గంపలో ఎండు నెత్తళ్లు పట్టుకుని వచ్చింది. పలకరింపూ లేదు, ఏడుపూ లేదు. చేట కింద పెట్టి, నెత్తళ్లు కుమ్మరించి, "ఒలే, నా కళ్లు ఆనట్లేదు, ఇందులో చెత్త ఏరిపెట్టు" అంది. తల్లి చూడనుకూడా లేదు. ముసలావిడ తనే ఏరుకుంటూ గంట కూర్చుని గంప ఎత్తుకుని వెళ్లిపోయింది. మర్నాడు మళ్లీ వచ్చిందట, ఆ మర్నాడూ వచ్చిందట. నేను మళ్లీ వెళ్లేసరికి నాలుగో రోజు. ఇద్దరి మధ్యా చేట ఉంది. తల్లి చెయ్యి కదులుతోంది. ఒక చేపని వేళ్లతో పట్టుకుని పక్కన పెట్టి, "మావోడికి ఇంత పెద్దవి నచ్చవు, సిన్నయే కావాల" అంది. రెండు వారాల తర్వాత ఆ అబ్బాయి గురించి ఆవిడ నోటివెంట వచ్చిన మొదటి మాట అది. ముసలావిడ తలెత్తలేదు. "ఊ, సిన్నయే రుచి" అని ఏరుతూనే ఉంది.

నేను చదువుకున్న చదువంతా ఆ చేట ముందు చిన్నదనిపించింది. ఆవిడకి చదువు లేదు. ఒక దారి మూసుకుపోతే ఇంకో దారి తనే వేసుకుంది. తనకి ఒక పని పెట్టుకుంది, ఆ తల్లికీ ఒక పని ఇచ్చింది.

ఇక మీ భయం. మా అబ్బాయిని చూస్తే ఆవిడకి ఇంకా ఏడుపొస్తుందేమో అని రాశారు. ఇది చాలా మందికి ఉంటుంది, ముఖ్యంగా అదే వయసు పిల్లలున్నవాళ్లకి. ఇందులో సగం ఆవిడ గురించి. మిగతా సగం మన గురించి. ఆ ఇంటి గాలి మన ఇంటికి తగులుతుందన్న భయం. బయటికి చెప్పుకోం కానీ ఉంటుంది. దానికి మైల అనో, ఇంట్లో శుభకార్యం ఉందనో, కడుపుతో ఉన్న పిల్ల ఉందనో పేరు పెడతాం. ఆ ఆచారాలు తప్పని నేను వాదించను. వాటిని నమ్మేవాళ్ల మధ్యే పెరిగాను. కానీ వాటివల్ల ఒక చిక్కు ఉంది, అది నా జీవితంలోనే జరిగింది.

నా చిన్ననాటి స్నేహితురాలి కొడుకు ఆరేళ్లవాడు జ్వరంతో పోయాడు. నాకప్పుడు ఏడో నెల. మా అత్తగారు గుమ్మం దాటనివ్వలేదు. పురుడు పోసుకుని వెళ్దాం అనుకున్నాను. పురుడయ్యాక చంకలో పసిబిడ్డతో ఎలా వెళ్తానని ఆగాను. తర్వాత అసలు అడ్డం ఇంకొకటి వచ్చింది: ఇన్నాళ్లు వెళ్లలేదు, ఇప్పుడు ఏ మొహంతో వెళ్లను? ఆలస్యమైన కొద్దీ వెళ్లడం ఇంకా కష్టమైంది. ఏడాదిన్నర గడిచింది. రథసప్తమికి అరసవల్లిలో క్యూలో ఎదురుపడ్డాం. నేను ఏడ్చేశాను. తను నా చెయ్యి పట్టుకుని, "నువ్వు రాలేదని రోజూ అనుకున్నాను. ఇప్పుడు ఒక్కసారి వాడి పేరు చెప్పు. ఎవరూ వాడి పేరు అనట్లేదు" అంది. నేను చెప్పాను. క్యూలో పది అడుగులు నడిచేవరకు మా ఇద్దరికీ మాట రాలేదు. ఇది నేను ఇంకా మోస్తున్నాను, మీరు మొయ్యకూడదని రాస్తున్నాను. ఆలస్యమైందని మానెయ్యకండి. మూడు నెలలు ఎక్కువ ఆలస్యం కూడా కాదు.

బాధలో ఉన్న మనిషి ఎలా కనిపిస్తున్నారన్నది కూడా చూడాలి. ఇది వినడానికి బాగోదు కానీ నిజం. శ్రీకాకుళంలో ఒక టీచరమ్మ, భర్త పోయిన పదమూడో రోజున ఇస్త్రీ చీరతో స్కూలుకి వచ్చేసింది. పాఠం చెప్పింది, పేపర్లు దిద్దింది. స్టాఫ్‌రూమ్‌లో అందరూ, ఆవిడకేం, గట్టి మనిషి అనుకున్నారు. ఎనిమిది నెలల తర్వాత నా దగ్గరికి వచ్చేసరికి రాత్రికి రెండు గంటలు కూడా నిద్రపోవడం లేదు. "ఎలా ఉన్నావని ఒక్కరూ అడగలేదండీ" అంది. ఇంకోవైపు రోజూ భోరుమని ఏడ్చేవాళ్ల దగ్గరికి వెళ్లడానికి జనం జంకుతారు, మనవల్ల ఏమీ కావట్లేదని అనిపిస్తుంది. 1990లో రొక్సాన్ సిల్వర్, వోర్ట్‌మన్, వాళ్లతో ఇంకొకరు జబ్బు మనుషుల విషయంలో దీన్నే పరీక్షించారు. బాధ ఉందని చెప్తూనే, నెట్టుకొస్తున్నానని కూడా చెప్పే మనిషికే చుట్టూ ఉన్నవాళ్లు ఎక్కువ దగ్గరయ్యారు. పూర్తిగా కుంగిపోయినవాళ్లకీ, నాకేం పర్లేదు అన్నవాళ్లకీ అంత దగ్గర కాలేదు. అంటే సాయం కావాలంటే సరిపడినంతే ఏడవాలి. కొడుకు పోయిన తల్లిని ఆ కొలత పాటించమని ఎవరం అడగగలం? అందుకే మనం, వెళ్లేవాళ్లం, ఈ సంగతి తెలుసుకుని ఉండాలి. పిన్ని తలుపేసుకుని కూర్చుంటుందని మీరు రాశారు. దాన్ని రావద్దన్నట్టు తీసుకోకండి.

డబ్బు గురించి ఎవరూ మాట్లాడరు, నేను మాట్లాడతాను. ఉద్దానంలో ఒకావిడ, భర్తకి నాలుగేళ్లు డయాలసిస్. వారానికి రెండుసార్లు ఆసుపత్రి. జీడితోట అమ్మేశారు. ఆయన పోయాక వచ్చినవాళ్లందరూ ఒకటే మాట: "పోన్లే, బాధ తప్పింది, నీకూ వెట్టి తప్పింది." ఆవిడ నాతో అంది: "నాలుగేళ్లు నాను సేసింది వెట్టేటమ్మా? ఆ వెట్టి ఇంకో నాలుగేళ్లున్నా సేద్దును." సుదీర్ఘ జబ్బు తర్వాత వచ్చే చావులో, ఇంటివాళ్ల ఏడుపు ముందే అయిపోయిందని జనం అనుకుంటారు. అవ్వదు. ఆ నాలుగేళ్లలో ఆవిడ దినచర్య అంతా ఆయన చుట్టూ ఉంది, ఆయనతోపాటు అదీ పోయింది. ఇక రెండో కారణం అప్పు. ఆ ఇంటికి వెళ్తే అప్పు అడుగుతుందేమో, పాత బాకీ ఎలా అడగాలో అన్న మొహమాటంతో దగ్గరి బంధువులే ముఖం చాటేశారు. ఇవ్వలేకపోతే ఇవ్వలేనని చెప్పొచ్చు, ఆవిడ అర్థం చేసుకుంటుంది. రాకపోవడాన్ని మాత్రం అర్థం చేసుకోలేకపోయింది. చివరికి ఆవిడ దగ్గర కూర్చున్నది అదే జబ్బుతో భర్తని పోగొట్టుకున్న ఇద్దరు ఆడవాళ్లు. వాళ్లకి ఆ ఇంటికి వెళ్లి ఏం చెయ్యాలో తెలుసు. కావలసింది డయాలసిస్ సంచీ ఎక్కడ దాచాలి, ఆ మంచం ఏం చెయ్యాలి లాంటి మాటలు.

మీ ఉత్తరంలో ఆ అబ్బాయి నాన్న గురించి ఒక్క వాక్యమే ఉంది, అరుగు మీద కూర్చుంటాడని. మగవాళ్లని ఎవరూ పలకరించరు. పలకరించినా "ధైర్యంగా ఉండాలి, ఆవిడని నువ్వే చూసుకోవాలి" అంటారు. ఆయన కొడుకు కూడా పోయాడు కదా. మీ ఆయన్ని పంపండి. ఎదురుగా కూర్చుని మాట్లాడమని కాదు, మగవాళ్లు అలా మాట్లాడలేరు. ధాన్యం అమ్మకం ఉంటే తోడు వెళ్లమనండి, ట్రాక్టరు మీద పక్కన కూర్చోమనండి. మాట వస్తే దారిలోనే వస్తుంది.

ఇంకొకరిని కూడా అందరూ మర్చిపోయారు. మీ అబ్బాయి. తన స్నేహితుడు పోయాడు. స్నేహితుల ఏడుపుని మన ఊళ్లలో ఎవరూ లెక్కలోకి తీసుకోరు, వాళ్లకి మైల లేదు, కర్మలో చోటు లేదు. కెన్నెత్ డోకా అనే ఆయన 1989లోనే ఇలాంటి, గుర్తింపు దొరకని దుఃఖం గురించి వివరంగా రాశాడు. ఒకసారి మీ అబ్బాయిని కూర్చోబెట్టి అడగండి. వాడికి పిన్ని ఇంటికి వెళ్లాలని ఉందేమో, మీరు ఏమనుకుంటారోనని ఆగాడేమో.

సరే, ఎలా వెళ్లాలి.

మొదటిసారి మీరొక్కరే వెళ్లండి, చేతిలో ఒక పని పట్టుకుని. గోంగూర కట్ట కావచ్చు, చింతపండు గింజ తియ్యడం కావచ్చు, చిక్కుళ్లు కావచ్చు. "పిన్నీ, ఇన్నాళ్లు రాలేకపోయాను, ఏమనాలో తెలియక ఆగిపోయాను" అని నిజం చెప్పండి. సాకులు వద్దు. ఆ తర్వాత కూర్చుని ఆకు గిల్లండి. ఆవిడ మాట్లాడితే వినండి, మాట్లాడకపోతే ఊరుకోండి. కోప్పడితే పడండి, మూడు నెలల కోపం ఎవరో ఒకరి మీదికి రావాలి కదా.

వాడి పేరు పలకండి. "మీ బాబు" అని కాకుండా పేరుతో. మీ అబ్బాయి చెప్పిన ఏదైనా సంగతి ఉంటే, కాలేజీలో వాడు చేసిన అల్లరి, పంచుకున్న క్యారియరు, అది చెప్పండి. తల్లికి తెలియని కొడుకు ముచ్చట ఒక్కటి మీరు ఇవ్వగలిగితే అంతకంటే పెద్ద సాయం లేదు. ఏడుస్తుంది. ఏడవనివ్వండి. మీరు గుర్తుచేయడం వల్ల గుర్తొచ్చిందని అనుకోకండి, ఆవిడ మర్చిపోయిన నిమిషం ఉంటే కదా.

అడగకూడనిది ఒకటే: ఆ రాత్రి ఎలా జరిగింది, తాగాడా లేదా. ఆవిడే చెప్తే సరే. ఎదురుగా ఎవరైనా పెంపకం మాట ఎత్తితే మాత్రం, పిన్ని తరఫున ఒక్క మాట గట్టిగా అనండి. ఒక మనిషి నింద ఆపితే మిగతావాళ్లకి ఆ ఇంటికి దారి తెరుచుకోవడం నేను చాలాసార్లు చూశాను. మీరు వెళ్లడం నలుగురూ చూస్తారు, ఇంకొకరు వస్తారు.

"ఏం కావాలన్నా అడగండి" అనకండి. ఎవరూ అడగరు. గురువారం సంతకి వెళ్తున్నాను, మీకు కూరలు తెస్తాను అని చెప్పి తెచ్చెయ్యండి. వారంలో ఒక రోజు పెట్టుకుని ఆ రోజు తప్పకండి. పది మంది ఒక్కసారి రావడం కంటే ఒక మనిషి పది వారాలు రావడం ఆవిడని నిలబెడుతుంది.

కాగితాల పని కూడా చూడండి, బాధలో ఉన్నవాళ్లకి అది కొండలా ఉంటుంది. మరణాన్ని 21 రోజుల్లో నమోదు చేయించాలి. దాటితే రుసుము, పై అధికారి అనుమతి లాంటివి వస్తాయి, అయినా చేయించుకోవచ్చు. పత్రం తీసుకున్నారో లేదో అడగండి. ఆ అబ్బాయి బ్యాంకు పాస్‌బుక్ తీసి, మే నెలాఖరులో 436 రూపాయలు కోసుకున్నట్టు ఉందేమో చూడండి. ఉంటే అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా, నామినీకి 2 లక్షలు వస్తాయి. 20 రూపాయల కోత ఉంటే అది ప్రమాద బీమా, దాని సంగతి కూడా బ్యాంకులో అడగాలి. చాలా ఇళ్లలో ఇవి ఉన్నాయని కూడా తెలియదు. డబ్బు మాట ఎత్తితే బాగోదని ఊరుకోకండి, మీ ఆయన ద్వారా వాళ్లాయనతో మాట్లాడించండి.

ఒక జాగ్రత్త. మూడు నెలలకి ఏడుపు, నిద్ర పట్టకపోవడం, వాడి గొంతు వినపడినట్టుండడం, వంట చెయ్యబుద్ధి కాకపోవడం, ఇవన్నీ జబ్బు కావు. ఆరునెలలు, ఏడాది దాటినా మనిషి రోజువారీ పనుల్లోకి రాలేకపోతుంటే, బాధ రవ్వంత కూడా తగ్గకపోతే డాక్టరుకి చూపించాలి. కానీ "నేనూ వాడి దగ్గరికే పోతాను" అన్న మాట ఎప్పుడు విన్నా, ఈరోజే విన్నా, ఆగకండి. మాట మార్చకండి, "అలా చెయ్యాలని నిజంగా అనిపిస్తోందా పిన్నీ" అని నేరుగా అడగండి. అడిగితే ఆ ఆలోచన కొత్తగా రాదు. ఒంటరిగా వదలకుండా ఇంట్లోవాళ్లకి చెప్పండి. టెలీ మానస్ 14416 నంబరుకి ఏ వేళైనా ఫోను చెయ్యొచ్చు, డబ్బు తీసుకోరు, తెలుగులోనే మాట్లాడతారు. విజయనగరం పెద్దాసుపత్రికో, విశాఖ చినవాల్తేరు మానసిక వైద్యశాలకో తీసుకెళ్లాల్సి వస్తే మీరు తోడు వెళ్లండి. ఎవరేమనుకుంటారో అని వాళ్లు ఒక్కరే వెళ్లరు.

ఆవిడ వద్దంటే? ఒకసారి వద్దంటే వెళ్లిపోండి, "మళ్లీ గురువారం వస్తాను" అని చెప్పి. మూడుసార్లు గట్టిగా వద్దంటే కొన్నాళ్లు ఆగి, కూర గిన్నె గుమ్మంలో పెట్టి రండి. కొందరికి ఒంటరితనం నిజంగానే కావాలి. నేను చూసినవాళ్లలో వాళ్లు తక్కువ.

చివరిగా, సంక్రాంతి ఇంకా పన్నెండు రోజులుంది. మన వైపు పండగ రోజు పెద్దలకి పెడతాం కదా, పోయినవాళ్ల పేరు మీద కొత్తబట్టలు. ఏడాది తిరిగేవరకు పెట్టని ఇళ్లూ ఉన్నాయి, వాళ్ల పద్ధతి ఏదో ముందు మెల్లగా కనుక్కోండి. పెట్టేటట్టయితే పిన్ని బట్టల షాపుకి వెళ్లాలి. 21 ఏళ్ల కొడుక్కి షర్టు ఏరాలి. షాపులో కుర్రాడికి ఏమీ తెలియదు, మామూలుగానే "ఎవరికమ్మా, సైజు ఎంత" అని అడుగుతాడు. ఆ రోజు మీరు తోడు వెళ్లండి. సైజు మీ అబ్బాయిని అడిగి ముందే తెలుసుకుని ఉంచుకోండి.